తిండితో సఖ్యత: అపోహలు – వాస్తవాలు

నా ఎదుట కూర్చున్నవాళ్లలో చాలామంది ముందుగా చెప్పేది బరువు సంగతి కాదు. "మేడమ్, నిన్న తప్పు చేశాను" అంటారు. గొంతు తగ్గుతుంది, చూపు బల్ల మీదికి దిగుతుంది. ఏం చేశారండీ అని అడిగితే రెండు ముక్కలు కేకు తిన్నారట. డైటీషియన్‌గా ఇన్నేళ్లలో ఈ ఒప్పుకోలు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కేకు గురించి నేను పెద్దగా కంగారుపడను. దొంగతనం చేసి దొరికిపోయినట్టు తలదించుకుంటారు చూడండి, దాని గురించే నా దిగులు.

దేంట్లో ఎంత ప్రొటీన్ ఉంది, ఏ నూనె మంచిది అన్నవాటి మీద కావలసినంత సమాచారం దొరుకుతోంది. తిండి పేరెత్తగానే పుట్టే భయం, సిగ్గు, పంతం గురించి మాత్రం మాట్లాడేవాళ్లు తక్కువ. నాకు రోజూ ఎదురయ్యే అపోహలు ఎక్కువగా వాటి చుట్టూ అల్లుకున్నవే.

అపోహ: నోరు కట్టుకోలేనివాళ్లకు మనోబలం లేదు.

వాస్తవం: మనోబలానికి కొదవలేని 36 మంది యువకుల కథ చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టబోమని నిరాకరించి, దానికి బదులుగా ఒక ప్రయోగానికి ఒప్పుకున్నవాళ్లు వీళ్లు. 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆ ప్రయోగం మొదలుపెట్టాడు. కరువు పాలైన జనానికి మళ్లీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడం ఉద్దేశం. ఒంట్లోనూ మనసులోనూ ఏ లోపం లేదని పరీక్షించి మరీ ఎంచుకున్నారు. 24 వారాలపాటు రోజుకు సుమారు 1,570 కేలరీలు మాత్రమే పెట్టారు, బాగా నడిపించారు. బరువు దాదాపు పావువంతు తగ్గింది.

నాకు ముఖ్యమైనది ఆ బరువు కాదు. అంతకుముందు తిండి గురించి పెద్దగా పట్టించుకోనివాళ్లు వంటల పుస్తకాలు కొని దాచుకోవడం మొదలుపెట్టారు. ఒక్క గిన్నెడు తిండి ముందు గంటలకొద్దీ కూర్చున్నారు. పళ్లేలు నాకారు. చిన్న మాటకే చిరాకుపడ్డారు, నవ్వడం తగ్గించారు. మళ్లీ సరిపడా పెట్టడం మొదలయ్యాక కొందరు కడుపు పట్టనంత తిని కూడా ఇంకా ఆకలిగానే ఉందన్నారు. వీళ్లెవరూ తిండిపోతులు కారు. శరీరాన్ని కరువులోకి నెడితే మనసు తిండి చుట్టూనే తిరుగుతుంది, అంతే.

లోపల జరిగేది ఇప్పుడు కొంత తెలుసు. కొవ్వు తగ్గేకొద్దీ లెప్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది. నిల్వలు తరిగిపోతున్నాయని మెదడుకు అందే కబురు ఆ తగ్గుదలే. లెప్టిన్‌ను 1994లో కనుగొన్నారు. ఆకలిని రేపే గ్రెలిన్ అనే హార్మోన్ 1999లో బయటపడింది. బరువు తగ్గినప్పుడు అది పెరుగుతుంది. నీళ్లలో మునిగి పైకి తేలినవాడు రొప్పుతుంటే వీడికి గాలి మీద ఆశ ఎక్కువ అనం కదా. రోజంతా కడుపు మాడ్చుకున్న మనిషి రాత్రి డబ్బాలు వెతుక్కుంటే మాత్రం అలాగే అంటాం.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేను రాసిచ్చే చార్టుల్లో తినకూడనివాటి జాబితా తినదగినవాటికంటే పొడుగ్గా ఉండేది. రెండు వారాలు జనం ఉత్సాహంగా వచ్చేవారు. మూడో వారం కనిపించేవారు కాదు. వీళ్లకు క్రమశిక్షణ లేదని నేనూ విసుక్కున్నాను. లోపం చార్టులో ఉందని ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

అపోహ: ఒకసారి డైట్ తప్పితే ఆ రోజు పోయినట్టే.

వాస్తవం: ఈ ఒక్క ఆలోచన చేసినంత చెడు ఏ కేకూ చేయలేదు. 1975లో పీటర్ హర్మన్, డెబోరా మ్యాక్ ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరికి ముందుగా మిల్క్‌షేక్ తాగించి, తర్వాత ఐస్‌క్రీం రుచి చూసి అభిప్రాయం చెప్పమన్నారు, ఎంతైనా తినవచ్చన్నారు. డైటింగ్ ఊసే లేనివాళ్లు మిల్క్‌షేక్ తాగాక సహజంగానే ఐస్‌క్రీం తగ్గించారు. తిండి మీద ఎప్పుడూ కాపలా కాసేవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగాక ఇంకా ఎక్కువ తిన్నారు. కంచె ఎలాగూ విరిగింది, ఇక ఎంత తింటే ఏం అనుకున్నారన్నమాట. దీనికి మనస్తత్వ శాస్త్రంలో పెద్ద చర్చే ఉంది గానీ, మన సామెత ఎప్పుడో చెప్పేసింది: నిండా మునిగినవాడికి చలేమిటి.

దీని తర్వాతి ఘట్టం ఇంకా ప్రమాదం. "నిన్న ఎక్కువ తిన్నాను, ఇవాళ పొద్దున మానేస్తాను" అంటారు. పొద్దున మానేస్తారు, మధ్యాహ్నం ఏదో ఇంత కొరికి ఊరుకుంటారు. సాయంత్రానికి ఆకలి మీదపడుతుంది. ఆకలి రుచెరుగదు, కొలతా ఎరుగదు. చేతికందింది తింటారు, మళ్లీ సిగ్గుపడతారు, మర్నాడు మళ్లీ మానేస్తారు. నెలల తరబడి ఈ గానుగ చుట్టూ తిరిగినవాళ్లు నా దగ్గరికి వచ్చి రాత్రి తిండి ఎలా ఆపాలని అడుగుతారు. నేను పొద్దున ఏం తింటున్నారని అడుగుతాను. చాలాసార్లు చికిత్స అక్కడే మొదలవుతుంది. నిన్న ఎంత తిన్నా సరే, ఇవాళ పొద్దున తినాల్సింది తినాలి. శిక్షలు, జరిమానాలు వద్దు.

అపోహ: ఆకలేస్తేనే తినాలి, శరీరం మాట వింటే చాలు.

వాస్తవం: వినడానికి అందంగా ఉంటుంది. కొందరికి నిజంగానే సరిపోతుంది. అయితే ఏళ్ల తరబడి ఆకలిని అణచుకున్నవాళ్లకు ఆ కబురు సరిగా వినపడదు. జ్వరంలో, తీవ్రమైన ఆందోళనలో, కొన్ని మందులు వాడుతున్నప్పుడు, ముసలితనంలో ఆకలి మందగిస్తుంది. అలాంటివాళ్లను శరీరం మాట వినమనడం పస్తులుండమనడమే. వాళ్లకు మొదట్లో గడియారమే దిక్కు: మూడు నాలుగు గంటలకు ఒకసారి, ఆకలి ఉన్నా లేకపోయినా కొంచెం. కొన్ని వారాలు అలా నడిస్తే ఆకలి మెల్లగా తిరిగొస్తుంది. ఒకావిడ పట్టరాని సంతోషంతో "మేడమ్, కడుపులో శబ్దం వచ్చింది" అని చెప్పింది. ఈ వృత్తిలో ఇలాంటి శుభవార్తలే ఉంటాయి.

అపోహ: పిల్లలకు స్వీట్లు కనబడకుండా దాచాలి, పళ్లెం ఖాళీ చేసేదాకా లేవనివ్వకూడదు.

వాస్తవం: రెండూ మంచి మనసుతో చేసేవే. రెండూ ఎదురుతిరుగుతాయి.

1999లో జెన్నిఫర్ ఫిషర్, లియాన్ బర్చ్ నర్సరీ వయసు పిల్లలతో చేసిన పరిశోధనలో, ఒక చిరుతిండిని కళ్లెదుటే ఉంచి అందకుండా ఆపితే దాని మీద పిల్లల ధ్యాస పెరిగింది. అడగడం పెరిగింది, ఆంక్ష తీసేసినప్పుడు తినడమూ పెరిగింది. అందులో పెద్ద రుచేమీ ఉండనక్కర్లేదు. అందకపోవడమే రుచి.

"కూరగాయలు తింటే ఐస్‌క్రీం ఇస్తా" అన్నప్పుడు పిల్లకు అర్థమయ్యేది ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. కూరగాయలు పడాల్సిన శిక్ష, ఐస్‌క్రీం దానికి దక్కే బహుమతి. మనమే ధర కట్టి ఇచ్చాం. ఇక "ఇంకొక్క ముద్ద, నాకోసం" అని కుక్కినప్పుడు, కడుపు నిండిందన్న కబురు కంటే అమ్మ ముఖమే ముఖ్యమని నేర్చుకుంటారు. పెద్దయ్యాక ఆ ముఖం ఉండదు, పళ్లెం మాత్రం ఖాళీ కావాల్సిందే.

ఎలిన్ శాటర్ అనే అమెరికన్ డైటీషియన్ చెప్పిన పద్ధతి నేను చాలా ఇళ్లలో పనిచేయగా చూశాను. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చుని తినాలి అనేది పెద్దవాళ్ల నిర్ణయం. తినాలా వద్దా, ఎంత తినాలి అనేది పిల్లల నిర్ణయం. సరిహద్దు ఇంతే. పాటించడం మాత్రం చాలా కష్టం, ముఖ్యంగా అమ్మమ్మ పక్కనే ఉంటే. కొత్త తిండిని పిల్లలు ఒప్పుకోవడానికి తరచుగా 8 నుంచి 15 సార్లు ఎదురవ్వాలి. మనం మూడోసారికే "వీడికిది పడదు" అని తీర్పు ఇచ్చేస్తాం.

అపోహ: బాధలో తినడం ఒక జబ్బు.

వాస్తవం: కాదు. బాధలోనూ తింటాం, పండగలోనూ తింటాం. ఏ బాధకైనా తిండి ఒక్కటే మందైపోతే అప్పుడు మాట్లాడుకుందాం.

అపోహ: చక్కెర మత్తుమందు లాంటిది, పూర్తిగా మానడమొక్కటే దారి.

వాస్తవం: ఎలుకల ప్రయోగాలు చూపించి ఈ మాట చెబుతుంటారు. ఆ ప్రయోగాల్లో పంచదార నీళ్ల మీద ఎగబడ్డవి రోజులో సగం సేపు పస్తుంచిన ఎలుకలు. ఎప్పుడు కావాలంటే అప్పుడు పంచదార అందుబాటులో ఉన్నవి అలా ఎగబడలేదు. ఈ రెండో వాక్యం ఎవరూ చెప్పరు. అమెరికా మనోవైద్యుల వర్గీకరణ గ్రంథం డీఎస్‌ఎం-5లో తిండి వ్యసనం అనే రోగం లేదు.

అలాగని అన్ని తిండ్లూ ఒకటేనని నేననను. 2019లో అమెరికా పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం 20 మందిని ఆసుపత్రిలో ఉంచి రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన తిండి, మరో రెండు వారాలు పెద్దగా ప్రాసెస్ చేయని తిండి పెట్టింది. వడ్డించినవాటిలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండువైపులా దాదాపు సమానం. ఎంత తింటారన్నది వాళ్ల ఇష్టం. ప్రాసెస్ చేసిన తిండి ఉన్న వారాల్లో రోజుకు 500 కేలరీల మేర ఎక్కువ తిన్నారు. అంటే కొన్ని పొట్లాలు మనచేత ఎక్కువ తినిపిస్తాయన్నది నిజమే. అందులో మీ తప్పేమీ లేదన్నదీ అంతే నిజం. తిండితో సఖ్యత అంటే దొరికినదల్లా తినడం అనుకునేవాళ్లకు నా జవాబు కూడా ఇదే. ఏది రోజూ, ఏది అప్పుడప్పుడు అన్న ఎరుక ఉండాలి. అది లెక్కగా ఉండాలి గానీ పాపపుణ్యాల చిట్టాగా కాదు.

అపోహ: ఆరోగ్యకరమైన తిండి మీద శ్రద్ధ ఎంత ఉంటే అంత మంచిది.

వాస్తవం: ఒక హద్దు దాటితే ఆ శ్రద్ధే మనిషిని తినేస్తుంది. 1997లో స్టీవెన్ బ్రాట్‌మన్ అనే వైద్యుడు దీనికి ఆర్థొరెక్సియా అని పేరు పెట్టాడు. అధికారిక రోగాల జాబితాలో లేదు గానీ, నాకు మనుషుల్లో కనిపిస్తూనే ఉంటుంది. స్నేహితులతో భోజనం మానేస్తారు. ప్రతి పదార్థం వెనక లేబుల్ చదవనిదే ముద్ద దిగదు. ఒక్కొక్కటిగా ఆహార వర్గాలే పళ్లెంలోంచి మాయమవుతాయి. అందరూ మెచ్చుకుంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఫోన్ యాప్‌లో చివరి కేలరీ దాకా లెక్కరాసేవాళ్లకు ఒక చిన్న సంగతి. అమెరికా నిబంధనల్లోనే లేబుల్ మీది కేలరీల కంటే అసలువి 20 శాతం వరకు ఎక్కువున్నా చెల్లుతుంది. మీరు రాత్రి పదింటికి ఏడు కేలరీల కోసం మథనపడుతున్నారు.

అపోహ: తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలు బక్కపలచని అమ్మాయిలకే వస్తాయి.

వాస్తవం: ఈ అపోహ ప్రాణాల మీదికి తెస్తుంది. మగవాళ్లకు వస్తాయి, నడివయసులో వస్తాయి, ఏ బరువున్నవాళ్లకైనా వస్తాయి. అదుపు తప్పి తినడమే లక్షణంగా ఉండే బింజ్ ఈటింగ్ డిజార్డర్‌ను 2013లో డీఎస్‌ఎం-5 విడి రుగ్మతగా గుర్తించింది. లావుగా ఉన్న మనిషి ప్రమాదకరంగా తిండి మానేసి వేగంగా తగ్గుతుంటే మనం ఆపకపోగా "భలే సన్నబడ్డావే" అని చప్పట్లు కొడతాం. మానసిక రుగ్మతల్లో మరణాల రేటు బాగా ఎక్కువగా ఉన్నవాటిలో, లావవుతామన్న భయంతో తిండి మానేసే అనొరెక్సియా ఒకటి.

తిన్నాక వాంతి చేసుకోవడం, విరేచనాల మందులు వాడటం, కళ్లు తిరిగి పడిపోవడం, నెలసరి ఆగిపోవడం, దాక్కుని తినడం: వీటిలో ఏదైనా ఉంటే ఇలాంటి వ్యాసాలు పక్కనపెట్టి డాక్టరును కలవండి. ఒంట్లో ఇన్సులిన్ తయారుకాక రోజూ బయటినుంచి తీసుకోవాల్సిన టైప్ 1 డయాబెటిస్ ఉన్నవాళ్లలో ఈ రుగ్మతల ముప్పు మామూలుకంటే ఎక్కువ. బరువు తగ్గడానికి ఇన్సులిన్ ఎగ్గొట్టేవాళ్లూ ఉంటారు. వాళ్ల ఇంట్లోవాళ్లు ప్రతి ముద్దనూ పోలీసుల్లా కాపలా కాయకుండా, ఇన్సులిన్ సరిగా పడుతోందా లేదా అన్నది చూడటం మేలు.

మొదట్లో చెప్పిన కేకు సంగతికి వస్తాను. కేకు ఇంట్లో ఉంటే నిద్రపట్టదని చెప్పిన ఒకావిడతో, వేళకు కడుపునిండా తింటూ, కేకు ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉండేలా చూసుకొమ్మన్నాను. మొదటి పది రోజులు తిట్టుకుంది, నన్నే అనుకుంటాను. దాదాపు మూడు నెలల తర్వాత వచ్చి కూర్చుని గొంతు తగ్గించింది. "మేడమ్, తప్పు చేశాను." నేను ఆగాను. "ఫ్రిజ్‌లో కేకు ఉన్న సంగతే మర్చిపోయాను. బూజు పట్టింది, పారేశాను."