కానుకల పెట్టె దగ్గర శోధన: అపోహలు - వాస్తవాలు

ఈ మాటలు సంఘ కోశాధికారులకు, ఆదివారం కానుకలు లెక్కపెట్టే పెద్దలకు.

అపోహ: మనవాడు ప్రార్థనాపరుడు, లెక్క అడిగితే అనుమానించినట్టే.

వాస్తవం: యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగైన చందాను పౌలు తన ఒక్కడి చేతిలో పెట్టుకోలేదు. తీతుతో పాటు సంఘాలన్నీ మెచ్చుకున్న ఒక సహోదరుణ్ణి, ఇంకొకరిని పంపాడు (2 కొరింథీ 8:18-22). ప్రభువు ఎదుటే కాదు, మనుషుల ఎదుట కూడా యోగ్యంగా ఉండాలన్నది ఆయన చెప్పిన కారణం. ఇద్దరు లెక్కపెడితే రేపు నింద వచ్చినా ఆ ఇద్దరికీ అదే కాపు.

అపోహ: యూదా రాజు యోవాషు రోజుల్లో మందిరం బాగుచేయించే నమ్మకస్థులను లెక్క అడగలేదు కదా (2 రాజులు 12:15).

వాస్తవం: ఆరు వచనాలు వెనక్కి వెళ్లి చదవండి. పెట్టె మూతకు బెజ్జం చేసి బలిపీఠం పక్కన పెట్టారు. డబ్బు నిండినప్పుడు రాజు తరఫు అధికారి, ప్రధాన యాజకుడు కలిసి లెక్కించి సంచుల్లో కట్టారు. ఆ తర్వాతే పని చేయించేవాళ్ల చేతికిచ్చారు. ఈ ఏర్పాటు లేనంతకాలం, రాజు ఏలుబడి 23వ ఏడు వచ్చినా మందిరం బాగుపడలేదు.

మన దగ్గర ఇదెలా చేయాలంటే: ఆరాధన ముగిసిన వెంటనే, మందిరంలోనే, ఒకే ఇంటివాళ్లు కాని ఇద్దరు కూర్చోవాలి. 500, 200, 100 నోట్లు విడదీసి ఒకరు లెక్కపెట్టింది రెండోవారు మళ్లీ లెక్కపెట్టాలి. దశమభాగం కవరు మీద రాసిన మొత్తానికి, లోపలున్నదానికి తేడా వస్తే కవరు మీదే రాసి ఇద్దరూ సంతకం చేయాలి. చీటీ రెండు ప్రతులు. సోమవారం మొత్తం డబ్బూ బ్యాంకులో పడాలి. కరెంటు బిల్లుకని ముందే తీసి మిగిలింది వేయడం అలవాటైతే ఎంత వచ్చిందో చెప్పేవాళ్లే ఉండరు. క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదే కావాలి, ఎవరి సొంత ఫోన్ నంబరుదీ కాదు.

కోత పండుగ వేలంపాటలో జాగ్రత్త మరీ అవసరం. గుమ్మడికాయ పాడుకున్నవారు "వచ్చే వారం ఇస్తానండీ" అంటారు. పేరు, వస్తువు, మొత్తం అక్కడికక్కడే పుస్తకంలో ఎక్కించకపోతే తర్వాత ఇచ్చిన డబ్బు దేనిదో తెలియదు. ఇళ్లలో కానుకగా తీసిపెట్టి తెచ్చే పిడికెడు బియ్యం కూడా తూచి, కిలోలు రాశాకే అమ్మాలి.

అపోహ: ఆశ కలిగిందంటే అప్పటికే పడిపోయినట్టు.

వాస్తవం: యేసు కూడా శోధింపబడ్డాడు, అయినా పాపం లేనివాడు (హెబ్రీ 4:15). దురాశ గర్భం ధరించాకే పాపాన్ని కంటుందని యాకోబు రాశాడు (1:15). డబ్బు విషయంలో ఆ గర్భం "జీతం రాగానే పెట్టేద్దాంలే" అన్న మాటతో మొదలవుతుంది. తనను శోధించిన యజమాని భార్య దగ్గర ఉండటానికే యోసేపు ఒప్పుకోలేదు (ఆది 39:10). కానుకల పెట్టెను రాత్రి ఇంట్లో ఉంచుకోకపోవడం అలాంటిదే. తప్పదంటే రెండు తాళాలు వేసి, తాళంచెవులు రెండిళ్లలో ఉంచండి.

అపోహ: వాడుకున్నా దేవుని దగ్గర ఒప్పుకుంటే చాలు.

వాస్తవం: అసలుకు ఐదోవంతు కలిపి తిరిగివ్వాలని లేవీయకాండం 6:5 చెబుతుంది. 5,000 తీసినవారు 6,000 ఇవ్వాలి. ఇద్దరు పెద్దల ముందు చెప్పి, ఇచ్చి, రశీదు తీసుకుని, ఆ బాధ్యత నుంచి తప్పుకోవాలి. గుట్టుగా పెట్టెలో వేసేస్తే ఆ వారం కానుక పెరిగినట్టు కనిపిస్తుందంతే. పాత లోటు తాలూకు అనుమానం మాత్రం ఏ పాపం ఎరుగని ఇంకొకరి మీదే ఉండిపోతుంది.