మంచు తోసే బ్లేడు బండికి బిగించడం: అపోహలు - వాస్తవాలు

విశాఖలో మంచు కురవదు. చలికాలం తెల్లవారుజామున లంబసింగిలో గడ్డి మీద తెల్లగా పేరుకునేది కూడా గడ్డకట్టిన మంచుబిందువులే, పారతో ఎత్తిపోసే మంచు కాదు. అయినా ఆటోనగర్‌లో మా షెడ్డుకి మంచు బ్లేడ్ల పని రెండు వైపుల నుంచి వస్తోంది. భీమిలి రోడ్డు వెంట తోటలు, రిసార్టులు ఉన్నవాళ్లు యూటీవీకి (వెనక తొట్టి ఉండే చిన్న నాలుగు చక్రాల బండికి) విదేశాల నుంచి బ్లేడు కిట్టు తెప్పించుకుంటారు, గాలికి దారి మీద మేటవేసిన ఇసుక తోయడానికి. రెండోవాళ్లు అమెరికాలో, కెనడాలో ఉన్న మనవాళ్లు. మా మేనల్లుడు మిన్నెసోటాలో ఉంటాడు. వాడి బండికి బ్లేడు బిగించింది వాడే, నేను ఇక్కణ్ణుంచి వీడియో కాల్‌లో చూస్తూ చెప్పాను. అక్కడివాళ్లూ ఇక్కడివాళ్లూ నమ్ముతున్న తప్పులు మాత్రం ఒక్కటే.

అపోహ: ముందు బంపర్ గట్టిగానే ఉంది, బ్లేడు దానికి బిగిస్తే సరిపోతుంది.

ఈ తప్పు నేనూ చేశాను. తొలి రోజుల్లో ఒక రిసార్టువాళ్లు తొందరపెడితే బంపర్‌కే యాంగిల్ ముక్కలు వెల్డింగ్ చేసి ఇచ్చాను. మూడో రోజు ఇసుకలో కూరుకుపోయిన కొబ్బరి మొద్దుకి బ్లేడు కొట్టుకుంది. బంపర్ వెనక్కి వంగి రేడియేటర్ని నొక్కేసింది. బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. రేడియేటర్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆ తరవాత బంపర్‌కి బ్లేడు వెయ్యమని ఎవరు అడిగినా ఒప్పుకోలేదు.

బ్లేడుకి తగిలే దెబ్బ ఛాసిస్‌కి, అంటే బండి అడుగు చట్రానికి చేరాలి. అందుకే కిట్టులో బ్లేడు వెనక పొడవాటి గొట్టాల ఫ్రేము ఉంటుంది. అది బండి ముందు అడుగునో, పొట్ట కిందో ఛాసిస్‌కి బిగించిన ప్లేటుకి పిన్నులతో తగులుకుంటుంది. ఆ గొట్టాలు నేలకి దాదాపు సమాంతరంగా ఉండాలి. పెద్ద టైర్లు వేసి, సస్పెన్షన్ లేపి బండి ఎత్తు పెంచినవాళ్ల దగ్గర గొట్టాలు బాగా ఏటవాలుగా దిగుతాయి. బరువు ఎదురవగానే అవి బండి ముందు భాగాన్ని పైకి నెడతాయి, ముందు చక్రాలకి పట్టు పోతుంది. అలాంటి బండికి ప్లేటుని కిందికి దించే బ్రాకెట్ వెయ్యాలి.

అపోహ: బ్లేడు బండి వెడల్పు కంటే కొంచెం ఎక్కువుంటే చాలు.

బ్లేడు తిన్నగా ఉన్నప్పుడు చాలు. కానీ మంచైనా ఇసుకైనా పక్కకి పోవాలంటే బ్లేడుని ఏటవాలుగా తిప్పుతాం. 66 అంగుళాల బ్లేడుని 30 డిగ్రీలు తిప్పితే అది తుడిచేది 57 అంగుళాలే. బండి 60 అంగుళాల వెడల్పుంటే చక్రాలు తోయని మంచు మీద నడిచి దాన్ని తొక్కేస్తాయి, రాత్రికి అది రాయిలా గడ్డకడుతుంది. 72 అంగుళాల బ్లేడైతే తిప్పాక కూడా 62 వస్తుంది. కొనేముందు టేపు పెట్టి బండి వెడల్పు కొలుచుకోండి. కొలవాల్సింది టైరు బయటి అంచు నుంచి బయటి అంచుకి, బాడీకి కాదు.

అపోహ: మంచు తోసే బ్లేడు ఇసుకనీ తోస్తుంది.

మా ఊళ్లో అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే. ఆరడుగుల బ్లేడు ముందు ఘనపు మీటరులో మూడో వంతుకి కాస్త తక్కువ, 0.3 అనుకోండి, కుప్ప పేరుకుందనుకుందాం. కొత్తగా కురిసిన పొడి మంచైతే ఆ కుప్ప 30 కిలోలుంటుంది. తడిసి కుదించుకుపోయిన మంచైతే 120 దాకా పోవచ్చు. అదే పొడి ఇసుకైతే 480 కిలోలు! వాన పడ్డాక ఇంకా ఎక్కువ. బ్లేడు అదే, గొట్టాలు అవే, బోల్టులు అవే, బరువు మాత్రం పదహారింతలు.

అందుకే ఇసుక పనికి ఇచ్చే ముందు బ్లేడు వెనక అదనపు పక్కటెముకలు వెల్డింగ్ చేస్తాను, లోతుకి దిగకుండా బ్లేడు అడుగున షూలు (నేల మీద జారే ఇనప పాదాలు) వేస్తాను, పలచగా పొరలు పొరలుగా గీకమని చెబుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వెళ్లాక ఊళ్లో దారులకి అడ్డంగా పడినవాటిని చూసినవాడిగా చెబుతున్నాను, తుఫాను మిగిల్చే మేటలకీ కూలిన చెట్లకీ జేసీబీ కావాలి. యూటీవీని ఆ పనికి పంపకండి.

ఇంకో మాట. నేను బిగించే బ్లేడు రిసార్టు లోపలి దారి వరకే. ఒడ్డు ఇసుక చదును చెయ్యడానికంటే ఒప్పుకోను. చలికాలం చివరి నుంచి వేసవి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికొచ్చి, ఇసుకలో అడుగున్నర లోతున గుడ్లు పెడతాయి. పైన చక్రాలు తిరిగితే గూడు నొక్కుకుపోతుంది. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి అది. డబ్బులిస్తామంటే చేసే పని కాదిది.

అపోహ: బ్లేడు వెనకుండే స్ప్రింగులు కదలకుండా బిగించేస్తే బ్లేడు గట్టిగా నిలబడుతుంది.

నిలబడుతుంది, విరిగేదాకా. రాయో చెట్టు వేరో తగిలినప్పుడు బ్లేడు పైభాగం ముందుకి వాలి అడ్డం మీంచి జారిపోవడానికే ఆ స్ప్రింగులు. అవి కదలకుండా గొలుసేసి కట్టినవాళ్లని చూశాను. అప్పుడు దెబ్బంతా గొట్టాలకీ, ఛాసిస్‌కీ, స్టీరింగు మీదున్న మీ మణికట్టుకీ తగులుతుంది.

కింద ఉండే షూల సంగతీ ఇలాంటిదే. మేనల్లుడి ఇంటి దారి కంకరది. మొదటి మంచు తోసిన పొద్దున ఫోన్ చేశాడు.

"మావయ్యా, మంచుతో పాటు కంకరంతా గడ్డిలోకి పోయింది."

"షూలు తీసేశావేంట్రా?"

"అవుంటే బ్లేడు నేలకి ఆనట్లేదని..."

కంకర దారి మీద బ్లేడు నేలకి ఆనకూడదు. అరంగుళం నుంచి అంగుళం పైన ఉండాలి. ఆ పలచటి మంచు పొర మిగిలితే మిగలనివ్వండి. సిమెంటు దారైతే షూలు పైకి జరపొచ్చు.

అపోహ: ఇంజను పెద్దదైతే ఎంతైనా తోస్తుంది.

తోసేది ఇంజను కాదు, టైరు పట్టు. 700 కిలోల బండికి తొక్కుడుపడిన మంచు మీద దొరికే తోపు సుమారు 140 నుంచి 200 కిలోల బరువుకి సమానం. నున్నటి ఐసు మీద అందులో సగం కూడా దొరకదు. ఎంత ఎక్సలరేటర్ తొక్కినా మిగతాదంతా చక్రాలు తిరగడానికే పోతుంది. నాలుగు చక్రాల డ్రైవు వెయ్యండి, టైర్లకి గొలుసులు కట్టండి, వెనక తొట్టిలో ఇసుక బస్తాలు వెయ్యండి. తొట్టి ఎంత మోస్తుందో బండి పుస్తకంలో ఉంటుంది, అది దాటొద్దు. మిన్నెసోటాలో ఆ బస్తా విప్పి ఐసు మీద చల్లుకోవచ్చు కూడా.

గేరు ఎప్పుడూ "లో" (తక్కువ వేగం) మీదే ఉండాలి. యూటీవీల్లో చాలావాటికి సీవీటీ బెల్టు (మామూలు గేర్ల బదులు రెండు పుల్లీల మధ్య తిరుగుతూ ఇంజను బలాన్ని చక్రాల వైపు పంపే రబ్బరు బెల్టు) ఉంటుంది. హై గేరులో మెల్లగా తోస్తే పుల్లీల మధ్య ఆ బెల్టు జారి, వేడెక్కి కాలుతుంది. సీటు కింద నుంచి రబ్బరు వాసన వస్తే వెంటనే ఆపండి. వేగంగా వెళ్లి గుద్దితే కుప్ప కదులుతుందని కొందరంటారు. ఆ గుద్దుడుకి పోయేది మీ బెల్టూ యాక్సిలే.

అపోహ: బ్లేడుని ఎత్తి దించే వించ్‌కి (తాడు చుట్టే మోటారుకి) ఇనప తాడే మేలు.

బురదలోంచి బండి లాగడానికి మేలే. బ్లేడు ఎత్తి దించడం వేరు. గంటలో వందసార్లు అదే రెండడుగుల తాడు అదే చోట వంగుతుంది. తీగలు ఒక్కొక్కటే తెగి ముళ్లలా పైకి లేస్తాయి. చెయ్యి పెడితే చీరుకుపోతుంది. సింథటిక్ తాడో, చివర చిన్న పట్టీయో వేసుకోండి. బ్లేడు పూర్తిగా లేచాక కూడా బటను నొక్కి పట్టుకుంటే తాడు తెగుతుంది, లేదా వించ్ ప్లేటు వంగుతుంది. బరువు మీద వించ్ 100 ఆంపియర్లు లాగిందంటే 12 వోల్టుల బ్యాటరీ మీద అది 1200 వాట్లు. ఇంజను ఐడిలింగ్‌లో పెట్టి మాటిమాటికీ ఎత్తుతుంటే బ్యాటరీ దిగిపోతుంది.

చివరిగా తుప్పు. అక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పు, ఇక్కడ సముద్రపు గాలి. పని అయ్యాక మంచినీళ్లతో కడిగి పిన్నులకి గ్రీజు పెట్టండి. కొత్తగా బిగించిన బ్లేడు గంటసేపు పనిచేశాక బోల్టులన్నీ మళ్లీ బిగించాలి. నేనైతే బిగించాక ప్రతి నట్టు మీద నుంచి ప్లేటు మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీస్తాను. మర్నాడు గీత రెండు ముక్కలై పక్కకి జరిగిందంటే ఆ నట్టు వదులైందన్నమాట.