సగటు నీళ్లు ఎవరి బిందెలో?

2015లో కేంద్రం మొదలుపెట్టిన 100 స్మార్ట్ నగరాల పథకంలో శ్రీకాకుళం లేదు, విజయనగరమూ లేదు. అయినా ఈ రెండు ఊళ్లలో నీటి సరఫరాను కొలవాల్సిందే. నగర సేవల కొలతకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ 37120 ప్రమాణం 2014లో వచ్చింది. అంతకు ముందే, 2008లో, కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ నీరు, మురుగు, చెత్త, వాననీటి కాలవలకు 28 కొలమానాలు ఇచ్చింది. నీటి విషయంలో అవి అడిగేవి పెద్దవే: ఇంటింటికీ కుళాయి, మనిషికి రోజుకు 135 లీటర్లు, 24 గంటల సరఫరా, బిల్లుకు ఎక్కకుండా పోయే నీరు 20 శాతం లోపు.

చాలాచోట్ల లెక్క ట్యాంకు దగ్గరే ఆగిపోతుంది. వదిలిన నీటిని జనాభాతో భాగిస్తారు. నిజం తెలియాలంటే వీధి చివరి కుళాయి దగ్గర కూర్చోవాలి. 20 లీటర్ల బకెట్టు, ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు. ఒత్తిడి మారుతుంటుంది కనుక నీళ్లు వదలగానే ఒకసారి, మధ్యలో ఒకసారి, ఆగిపోయే ముందు ఒకసారి పట్టి చూడాలి.

ట్యాంకు పక్కింట్లో సగటున 2 నిమిషాలకు బకెట్టు నిండి, 45 నిమిషాలు నీళ్లొచ్చాయనుకుందాం. 450 లీటర్లు; నలుగురుంటే తలకు 112. శివారింట్లో బకెట్టుకు 5 నిమిషాలు పట్టి, అరగంటకే ఆగిపోతే 120 లీటర్లు, తలకు 30. రెండిళ్ల సగటు 71. ఆ 71 లీటర్లు ఏ ఇంట్లోనూ లేవు! అందుకే సగటు పక్కన శివారు అంకె కూడా రాయాలి. రోజు విడిచి రోజు వదిలే చోట రెండింటినీ సగం చేయాలి.

శివారు జనం కుళాయికే మోటారు బిగిస్తారు. తప్పు వాళ్లదని తీర్పు చెప్పడం తేలిక. నీళ్లందకే ఆ పని. కానీ మోటారు లాగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి, పగులు పక్కనున్న మురుగు లోపలికి వస్తుంది. ఆ వీధిలో క్లోరోస్కోపుతో (నీటిలో క్లోరిన్ ఎంతుందో చూపే చిన్న పరికరం) చూడాలి: చివరి కుళాయిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ట్యాంకు దగ్గర పరీక్ష బాగుందంటే వీధిలోనూ బాగున్నట్టు కాదు.

పైపుకు పెట్టే సెన్సారు మీటరూ పొరబడుతుంది. మలుపు పక్కనో వాల్వు పక్కనో బిగిస్తే నీరు సుడి తిరిగి అంకె తప్పుతుంది. పైపు సగమే నిండినా అంతే. ముందూ వెనకా తిన్నని పైపు వదిలి పెట్టాలి.

మన తీరానికి ఇంకో కొలత కావాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపాన్లు కరెంటు స్తంభాలను పడగొట్టాయి. కరెంటు లేకపోతే నది ఒడ్డు బావిలో పంపు తిరగదు. విపత్తులను తట్టుకునే నగరాల కోసం ఐఎస్‌ఓ 37123 వచ్చింది 2019లో. మన ఊరికైతే ముందు మూడు అంకెలు రాయాలి: పంపుహౌస్ జనరేటరు గంటకు తాగే డీజిల్ ఎంత, నిల్వ ఎంత, దాంతో శివారు కుళాయికి ఎన్ని రోజులు నీళ్లొస్తాయి.