ప్రోగ్రామే సిద్ధాంతమా?

ఇవాళ చాట్‌జీపీటీ లాంటి భాషా మోడళ్లను చూపించి "మనిషి మెదడు కూడా ఇలాగే పనిచేస్తుంది" అనేవాళ్లు పెరిగారు. మనిషిలా జవాబిచ్చే ప్రోగ్రామ్‌ను మనసు గురించిన సిద్ధాంతంగా తీసుకోవచ్చా అన్న ప్రశ్న మాత్రం చాలా పాతది.

1958లో కృత్రిమ మేధకు పునాదులు వేసిన అలెన్ న్యూవెల్, జె.సి. షా, హెర్బర్ట్ సైమన్ తీసుకోవచ్చనే అన్నారు. ఒక ప్రవర్తనను పుట్టించే ప్రోగ్రామే దానికి వివరణ అన్నది వాళ్ల వాదన. అప్పటికి అమెరికా మనస్తత్వ శాస్త్రంలో బయటికి కనిపించే ప్రవర్తననే లెక్కలోకి తీసుకునే ప్రవర్తనావాదుల మాటే చెల్లుతోంది, మనసు లోపలి సంగతి ఎత్తడానికే జంకేవారు. ప్రోగ్రామ్ ఆ జంకు పోగొట్టింది. "అంతర్దృష్టి" అని ఒక మాట అనేసి దాటేయడం ఇక్కడ కుదరదు, ఒక్క అడుగు రాయకపోయినా ప్రోగ్రామ్ నడవదు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఇదే. వాళ్లు మనుషులకు అక్షరాల లెక్కలు ఇచ్చేవారు: డొనాల్డ్ + జెరాల్డ్ = రాబర్ట్, ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఒక్కో అంకె, 'డి' అంటే 5. చేస్తూ తోచిందల్లా పైకి చెప్పమనేవారు. ఆ మాటలను ప్రోగ్రామ్ వేసే అడుగులతో పోల్చి చూసేవారు. జవాబు కలిస్తే చాలదు, దారి కూడా కలవాలి.

1986లో మనస్తత్వ శాస్త్రవేత్తలు డేవిడ్ రూమెల్‌హార్ట్, జేమ్స్ మెక్‌క్లెలాండ్ ఇంకో దారి పట్టారు. నియమాలేవీ రాయకుండా, ఇంగ్లీషు క్రియల భూతకాల రూపాలను ఒక నెట్‌వర్క్‌కు, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రామ్‌కు, నేర్పారు. పిల్లలు 'గో' అన్న క్రియకు మొదట 'వెంట్' అని సరిగ్గా అంటారు, కొన్నాళ్లకు చివర 'డ్' చేర్చే మామూలు నియమాన్ని దీనికీ తగిలించి 'గోడ్' అంటారు, మళ్లీ 'వెంట్'కు వస్తారు. నెట్‌వర్క్ కూడా అలాగే తడబడి కోలుకుంది. నియమాలు లేకుండా ఇది జరగడం పెద్ద సంచలనమే. కానీ 1988లో భాషను పరిశోధించే స్టీవెన్ పింకర్, అలన్ ప్రిన్స్ అసలు కిటుకు పట్టుకున్నారు. రూమెల్‌హార్ట్, మెక్‌క్లెలాండ్ నెట్‌వర్క్‌కు ముందు 10 క్రియలే ఇచ్చారు, అందులో 8 నియమం తప్పినవి. ఆపైన 410 ఒక్కసారిగా చేర్చారు, వాటిలో ఎక్కువ నియమం ప్రకారం నడిచేవే. తడబాటు వచ్చింది అక్కడే. పిల్లల చెవిన పడే మాటలు అలా ఒక్కసారిగా మారవు. పైగా 'మెయిల్'కు ఆ నెట్‌వర్క్ ఇచ్చిన భూతకాలం 'మెంబుల్డ్'. ఏ పిల్లాడూ అలా అనడు.

నెట్‌వర్క్ సిద్ధాంతం కాదు, ప్రయోగశాలలో జంతువులా పరిశీలించాల్సిన వస్తువు అని 1991లో మనస్తత్వ శాస్త్రవేత్త మైఖేల్ మెక్‌క్లాస్కీ రాశారు. నాకు ఈ మాటే సబబనిపిస్తుంది.

2018లో ఇద్దరు పరిశోధకులు కొత్త తరం నెట్‌వర్క్‌తో అదే భూతకాలం పరీక్ష మళ్లీ పెట్టి, పింకర్, ప్రిన్స్‌ల అభ్యంతరాల్లో చాలావరకు తీరాయన్నారు. మరుసటి ఏడాదే ఇంకో బృందం ఆ నెట్‌వర్క్‌ను పదేపదే మొదటినుంచి నేర్పి చూసింది. కల్పిత క్రియల దగ్గర ఒక్కోసారి ఒక్కో రకంగా జవాబులు వచ్చాయి.