పుస్తకం మూశాకే అసలు చదువు

సాయంత్రం ఆరు దాటాక విశాఖ ద్వారకానగర్ సందుల్లో నడిస్తే పుస్తకాల సంచీ లేని మనిషి కనపడటం కష్టం. ఇంటర్ పిల్లలు, బ్యాంకు పరీక్షలకు తయారవుతున్నవాళ్లు, గ్రూప్స్ రాసేవాళ్లు. శ్రీకాకుళం నుంచి, పార్వతీపురం నుంచి, పాడేరు నుంచి వచ్చి ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు సర్దుకుని ఉంటున్నవాళ్లు. వీళ్లలో బద్ధకస్తులు చాలా తక్కువ. రోజుకి పది పన్నెండు గంటలు కుర్చీలోంచి లేవనివాళ్లు ఉన్నారు. అయినా మాక్ టెస్ట్ రాసి బయటికి వచ్చాక వినపడే మాట ఒకటే: "చదివినప్పుడు అంతా వచ్చినట్టే ఉంది సార్, పేపర్ చూడగానే ఏదీ గుర్తు రాలేదు."

దీన్ని సాకు అని కొట్టిపారేసే పెద్దలున్నారు. అది న్యాయం కాదు. ఆ పిల్లలు చెప్పేది అక్షరాలా నిజం. చదువుతున్నంతసేపూ వచ్చినట్టే ఉంటుంది. ఆ అనిపించడాన్ని నమ్మడం దగ్గరే చిక్కంతా ఉంది.

ఒకే పాఠాన్ని రెండోసారి చదివితే కళ్లు సులువుగా ముందుకు జారిపోతాయి. మూడోసారికి తర్వాతి వాక్యం ఏమిటో ముందే తెలిసిపోతుంది. ఆ సులువును మెదడు 'నాకు వచ్చేసింది' అని లెక్కేసుకుంటుంది. నిజానికి వచ్చింది గుర్తుపట్టడం మాత్రమే. ఎదురుగా ఉన్నదాన్ని గుర్తుపట్టడం ఒక పని, ఎదురుగా లేనిదాన్ని తలలోంచి బయటికి తీయడం పూర్తిగా వేరే పని. పరీక్ష అడిగేది రెండోదాన్ని.

ఈ తేడాను చాలా స్పష్టంగా చూపించిన ప్రయోగం అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగింది, 2006లో అచ్చయింది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులకు చిన్న చిన్న పాఠాలు ఇచ్చారు. ఒకటి సూర్యుడి గురించి, ఇంకొకటి సముద్రపు నీటిపిల్లుల గురించి. ఒక జట్టు నాలుగు విడతలూ పాఠం చదువుతూనే ఉంది. ఇంకో జట్టు మొదటి విడతలో మాత్రమే చదివింది. మిగతా మూడు విడతల్లో పాఠం పక్కన పెట్టి, గుర్తున్నంత కాగితం మీద రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదువుతూ కూర్చున్నవాళ్లదే పైచేయి. వారం గడిచాక లెక్క తలకిందులైంది. నాలుగు విడతలూ చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంటే, మూసి రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. ఒక్కో విడతలో పాఠాన్ని మూడు నాలుగు సార్లు చదివే వీలుంది కాబట్టి మొదటి జట్టు సగటున 14 సార్లు చదివింది, రెండో జట్టు తన ఒక్క విడతలో మూడు నాలుగు సార్లకు మించలేదు. పైగా 'వారం తర్వాత మాకు బాగా గుర్తుంటుంది' అని ఎక్కువ ధీమాగా చెప్పింది మొదటి జట్టే.

నాకు ఈ చివరి సంగతే అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. మరిచిపోవడం మామూలే. ఎవరు ఎక్కువ మరిచిపోతారో వాళ్లకే ఎక్కువ ధైర్యం ఉండటం ప్రమాదం. పరీక్ష హాల్లో చేతులు చల్లబడేది ఇలాంటి ధైర్యం ఒక్కసారిగా విరిగినప్పుడే.

మన ఇళ్లలో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. సాయంత్రం దీపం పెట్టాక అమ్మమ్మో తాతయ్యో పుస్తకం తన చేతిలోకి తీసుకుని "ఏదీ, అప్పజెప్పు" అనేవారు. ఎక్కాలు, వేమన పద్యాలు, సుమతీ శతకం. తప్పితే అక్కడికక్కడే దిద్దేవారు. దీన్ని మనం బట్టీతో కలిపి చూసి పక్కన పెట్టేశాం. అర్థం తెలియకుండా వల్లె వేయడం బట్టీ, దాన్ని వదిలించుకోవడం మంచిదే. కానీ పుస్తకం మూసి చెప్పడం, తప్పు తెలుసుకోవడం, మళ్లీ చెప్పడం అనే పద్ధతి అర్థం చేసుకుని చదివే పాఠానికీ అంతే పనిచేస్తుంది. అమెరికాలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ డన్‌లాస్కీ, ఆయన సహచరులు 2013లో పది చదువు పద్ధతుల మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టారు. బాగా ఉపయోగపడతాయని వాళ్లు తేల్చినవి రెండే: తనను తాను పరీక్షించుకోవడం, చదువును రోజుల మీద విడదీసి చదవడం. మళ్లీ మళ్లీ చదవడం, హైలైటర్‌తో గీతలు గీయడం అడుగు వరసలోకి వెళ్లాయి.

ఒక పాఠం మీద దీన్ని పెట్టి చూద్దాం. ఇంటర్ ఫిజిక్స్‌లో కరెంట్ ఎలక్ట్రిసిటీ చాప్టర్. ఒకసారి శ్రద్ధగా చదివాక పుస్తకం మూసి తెల్లకాగితం ముందు పెట్టుకోవాలి. కిర్కాఫ్ నియమాలు రెండూ సొంత మాటల్లో రాయాలి. మొదటి నియమం సులువుగానే వస్తుంది: జంక్షన్‌లోకి వచ్చిన కరెంట్, బయటికి పోయిన కరెంట్ సమానం. ఎందుకు సమానం? ఇక్కడ పెన్ను ఆగిపోతుంది. విద్యుదావేశ నిత్యత్వం వల్ల అని తట్టడానికి అర నిమిషం పట్టొచ్చు. రెండో నియమం వెనక శక్తి నిత్యత్వం ఉందని రాసి, వీట్‌స్టోన్ బ్రిడ్జ్ బొమ్మ గీయాలి. నాలుగు నిరోధాలు, మధ్యలో గాల్వనామీటర్, బ్యాటరీ. బ్యాలెన్స్ అయినప్పుడు గాల్వనామీటర్‌లో కరెంట్ ఎందుకు ఉండదు? దాని రెండు కొనల దగ్గరా పొటెన్షియల్ ఒకటే కాబట్టి. అక్కడినుంచి నిరోధాల నిష్పత్తి దానంతటదే వచ్చేస్తుంది. రాని చోట ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, అప్పుడు పుస్తకం తెరిచి ఆ ముక్క ఒక్కటీ చూసుకోవాలి. ఇరవై నిమిషాల పని. చిరాగ్గా ఉంటుంది, ఏమీ రానట్టు అనిపిస్తుంది. పెన్ను ఆగిన ఆ అర నిమిషమే ఎక్కువ పని చేస్తుంది. కష్టపడి వెతికి తీసిన విషయం తర్వాతిసారి తొందరగా దొరుకుతుంది.

ఇక ఎడం సంగతి, అంటే ఒకసారి చదివాక మళ్లీ చదవడానికి మధ్య ఇచ్చే వ్యవధి. 1885లో జర్మనీలో హెర్మన్ ఎబింగ్‌హౌస్ తన జ్ఞాపకశక్తి మీద తానే చేసుకున్న ప్రయోగాలను ప్రచురించాడు. అర్థం లేని అక్షరాల గుంపులు నేర్చుకోవడం, కొంతకాలం ఆగి మళ్లీ నేర్చుకోవడం, రెండోసారి ఎంత శ్రమ కలిసొచ్చిందో కొలవడం. ఇరవై నిమిషాలు ఆగితే 58 శాతం కలిసొచ్చింది. గంట ఆగితే 44, ఒక రోజుకి 34, నెల రోజులకి 21. 2015లో నెదర్లాండ్స్‌లో ఇదే ప్రయోగాన్ని మళ్లీ చేసి చూస్తే దాదాపు అదే వంపు వచ్చింది. మరుపు మొదటి రోజే ఎక్కువ, తర్వాత నెమ్మదిస్తుంది. అర్థం ఉన్న పాఠం ఇంత వేగంగా పోదు గానీ దారి మాత్రం అదే. అందుకే ఆదివారం ఒక్కరోజే ఆరు గంటలు కూర్చున్నదానికన్నా, అదే ఆరు గంటలు వారమంతా పంచుకున్నది ఎక్కువ నిలుస్తుంది. ఎంత ఎడం ఇవ్వాలనేది పరీక్ష ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. వారంలో పరీక్ష ఉంటే ఒకట్రెండు రోజులు, ఏడాది తర్వాత కూడా గుర్తుండాలంటే సుమారు మూడు వారాలు.

అష్టావధానం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి లాంటి పద్య పరీక్షలు పెట్టే పృచ్ఛకులకు (ప్రశ్నించేవాళ్లకు) అవధాని పద్యం మొత్తం ఒకేసారి చెప్పేయరు. ఒక్కో ఆవృత్తిలో, అంటే ఒక్కో చుట్టులో, ఒక్కొక్కరికి ఒక్కో పాదం. మధ్యలో అప్రస్తుత ప్రసంగం వచ్చి ధ్యాస చెదరగొడుతూనే ఉంటుంది. ప్రతిసారీ వెనకటి పాదాన్ని మనసులోంచి తీసుకుంటే గానీ తర్వాతి పాదం నడవదు. చివర్లో ధారణ. పద్యాలన్నీ వరసగా ఒప్పజెప్పే ఆ ఘట్టంలో మనం చప్పట్లు కొడతాం. ఎడం ఇచ్చి, కలగలిపి, మాటిమాటికీ బయటికి తీసే సాధన అప్పటికే నాలుగు ఆవృత్తుల్లో జరిగిపోయి ఉంటుంది.

కలగలపడం గురించి ఇంకో మాట. ఏపీ ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపర్లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు: మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఏ ప్రశ్న ఏ చాప్టర్‌దో పైన రాసి ఉండదు. పిల్లలు ప్రాక్టీసు చేసేది మాత్రం ఎక్కువగా చాప్టర్ వారీగానే. ఒకే రకం లెక్కలు ముప్పై చేస్తారు. ఆ ముప్పైలో ఏ సూత్రం వాడాలో ఒక్కసారీ ఆలోచించే పని పడదు. డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ఘనపరిమాణం లెక్కలతో దీన్ని పరీక్షించారు. ఒకే రకం వరసగా చేసినవాళ్లు ప్రాక్టీసులో 89 శాతం సరిగ్గా చేశారు, రకాలు కలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాత పరీక్షలో వరసగా చేసినవాళ్లకు 20 శాతం, కలిపి చేసినవాళ్లకు 63 శాతం. కొత్త చాప్టర్ పట్టుబడేదాకా వరసగా చేయడంలో తప్పు లేదు. ఆ తర్వాత పాత చాప్టర్ల లెక్కలతో కలపకపోతే ప్రాక్టీసు మార్కులు మోసం చేస్తాయి.

లక్ష్యాలకు వద్దాం. ఏ గదిలో చూసినా గోడ మీద ర్యాంకు అంకె అంటించి ఉంటుంది. తప్పేం లేదు, అది ఉత్సాహమిస్తుంది. కానీ పొద్దున లేచి ఏం చేయాలో ఆ అంకె చెప్పదు. ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ దశాబ్దాల పాటు చేసిన పరిశోధనల్లో తేలింది ఏమిటంటే, 'నీకు చేతనైనంత బాగా చెయ్యి' అనేదానికన్నా స్పష్టంగా, కాస్త కష్టంగా ఉన్న లక్ష్యం ఎక్కువ పని చేయిస్తుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది, మన దగ్గర దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. పని కొత్తదై, చిక్కుగా ఉన్నప్పుడు స్కోరు మీద లక్ష్యం పెడితే ఎదురుతన్నొచ్చు. 1989లో అమెరికా వైమానిక దళంలో శిక్షణ పొందుతున్నవాళ్లకు విమానాల రాకపోకలు నడిపే సిమ్యులేటర్ ఇచ్చి చూశారు. నేర్చుకోవడం మొదలుపెట్టిన తొలి దశలోనే స్కోరు లక్ష్యం పెట్టినవాళ్లు వెనకబడ్డారు. ధ్యాస పని మీద ఉండాల్సింది స్కోరు మీదికి పోయింది. ఫస్టియర్ మొదటి నెలలోనే వారం వారం ర్యాంకు లిస్టు అంటించే పద్ధతిని నేను ఒప్పుకోలేకపోవడానికి ఇదొక కారణం. ఆ దశలో పిల్లలకు కావలసింది 'ఈ వారం ఈ మూడు రకాల లెక్కలు ఎవరి సాయం లేకుండా చేయగలగాలి' అనే లక్ష్యం.

దగ్గరి లక్ష్యానికి ఎంత బలముందో 1981లో ఆల్బర్ట్ బందూరా, డేల్ షుంక్ చిన్నపిల్లల మీద చూపించారు. తీసివేతలంటే ఇష్టంలేని, సరిగ్గా రాని పిల్లలకు 42 పేజీల లెక్కలు, ఏడు పూటల సమయం. ఒక జట్టుకు 'ఏడో పూటకి 42 పేజీలూ అవ్వాలి' అన్నారు. ఇంకో జట్టుకు 'పూటకి ఆరు పేజీలు' అన్నారు. రెండూ ఒకే లెక్క. పూటకి ఆరు అన్నవాళ్లే బాగా నేర్చుకున్నారు. 'నేను చేయగలను' అనే నమ్మకమూ, లెక్కల మీద ఇష్టమూ వాళ్లలోనే ఎక్కువ పెరిగాయి.

ఎంత చేయాలో తెలిశాక ఎప్పుడు, ఎక్కడ అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. జర్మనీలో పీటర్ గోల్‌విట్జర్, వెరోనికా బ్రాండ్‌స్టెటర్ విద్యార్థులకు క్రిస్మస్ సెలవుల్లో ఒక రిపోర్టు రాయమని చెప్పారు. ఏ సమయంలో, ఏ చోట కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకున్నవాళ్లలో పదికి ఏడుగురు పూర్తి చేశారు. మిగతావాళ్లలో ముగ్గురే. గాజువాక నుంచి ద్వారకానగర్ కాలేజీకి బస్సులో వచ్చే అమ్మాయి 'ఖాళీ దొరికినప్పుడు రివిజన్ చేస్తా' అనుకుంటే ఆ ఖాళీ దొరకదు. 'బస్సు ఎన్ఏడీ జంక్షన్ దాటగానే ఫోన్ సంచీలో పెట్టి, నిన్న చదివిన చాప్టర్‌లో ఐదు పాయింట్లు మనసులో చెప్పుకుంటా' అనుకుంటే ఎన్ఏడీ వచ్చినప్పుడల్లా పని దానంతటదే గుర్తొస్తుంది. నిలబడి ప్రయాణం చేస్తున్నా ఇది కుదురుతుంది.

టైమ్‌టేబుల్ వేసేటప్పుడు మాత్రం మన అంచనాను మనమే నమ్మకూడదు. 1994లో రోజర్ బ్యూలర్ బృందం థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని అడిగింది. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎంత పడుతుందంటే 49 అన్నారు. పట్టింది 55. పోయిన నెల ఒక చాప్టర్‌కి నిజంగా ఎన్ని రోజులు పట్టిందో కాగితం మీద ఉంటే, వచ్చే నెల ప్లాన్ దాన్ని బట్టి వేసుకోవచ్చు.

నిద్ర విషయంలో పెద్దలతో నాకు పేచీ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1940లో గణితం ఎం.ఏ. పూర్తి చేసి, గణాంక శాస్త్రంలో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న సి.ఆర్. రావు గారు చిన్నప్పుడు తనను రోజూ నాలుగింటికి లేపి నూనెదీపం వెలిగించి పెట్టిన తల్లిని ఎంతో కృతజ్ఞతతో తలుచుకున్నారు. తెల్లవారుజాము చదువు గొప్పదే. కానీ నాలుగింటికి లేపే ఇంట్లో ఎనిమిదింటికల్లా దీపం ఆరిపోవాలి. పన్నెండింటిదాకా స్టడీ అవర్స్ పెట్టి, మళ్లీ నాలుగింటికి బెల్లు కొడితే ఆ పోలిక చెల్లదు. కౌమారంలో నిద్రమత్తు సహజంగానే ఆలస్యంగా కమ్ముతుంది. 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్రా వైద్యులు చెబుతున్నారు. నేర్చుకున్నాక నిద్రపోతే మరుపు తగ్గుతుందని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ 1924లోనే చూపించారు. నిద్ర కోసి చదివినది నిలబడే అవకాశమే తక్కువ.

ఇదంతా అలవాటు కావడానికి ఎంతకాలం పడుతుంది? 21 రోజులనే మాట బాగా తిరుగుతోంది గానీ అది నిజం కాదు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో మనిషి మనిషికీ చాలా తేడా కనిపించింది. ఒకరికి 18 రోజులు, ఇంకొకరికి 254 రోజులని లెక్క తేలింది, మధ్యస్థంగా 66. మధ్యలో ఒక రోజు తప్పితే అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని కూడా వాళ్లు గమనించారు. మన పిల్లలకు ఇది బాగా పనికొచ్చే సంగతి. ఈఏపీసెట్ దగ్గరపడే ఏప్రిల్, మే నెలల్లోనే ఇంట్లో పెళ్లిళ్లు వస్తాయి, సింహాచలం చందనోత్సవమూ వస్తుంది. అప్పన్న దర్శనానికి క్యూలో ఒక పూటంతా పోతే ఆ రోజు టైమ్‌టేబుల్ పోయినట్టే. మర్నాడు రెండు రోజుల పని ఒకేసారి నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. మామూలు వేళకి కూర్చుని, పుస్తకం తెరవకముందే మొన్నటి చాప్టర్‌లో గుర్తున్నది కాగితం మీద రాయడంతో మొదలుపెడితే సరిపోతుంది.