క్రిస్మస్ సెలవుల్లో టోర్నడో: డాలస్ తెలుగు ఇళ్లలో అపోహలు - వాస్తవాలు

థాంక్స్‌గివింగ్ మొదలు సంక్రాంతి దాకా టెక్సస్‌లో డాలస్ చుట్టూ ఉన్న ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో తెలుగు ఇళ్లు మామూలుగా ఉండవు. నలుగురుండే ఇంట్లో ఇరవై మంది చేరతారు. పిల్లలంతా మేడమీద మీడియా రూమ్‌లో, పెద్దవాళ్లలో సగం మంది గరాజ్‌లో. మెట్ల కింద క్లోజెట్ నిండా ఇండియా సూట్‌కేసులు, బియ్యం బస్తాలు. తుఫాను జాగ్రత్తలు చెప్పే మాలాంటివాళ్లకు గుబులు పుట్టించేది సరిగ్గా ఇదే. వార్నింగ్ వచ్చాక క్లోజెట్ ఖాళీ చేసి ఇరవై మందిని అందులో కూర్చోబెట్టే టైము ఉండదు. ఆ పని చుట్టాలు గుమ్మం ఎక్కకముందే అయిపోవాలి. అలా అవ్వనివ్వని నమ్మకాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: టోర్నడోలు ఏప్రిల్, మేలలోనే. డిసెంబర్‌లో రావు.

టెక్సస్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువన్నది నిజం. మిగతా నెలల్లో ఉండవన్నది మాత్రం తప్పు. 2015 డిసెంబర్ 26, క్రిస్మస్ మర్నాడు, శనివారం. చీకటి పడ్డాక గార్లండ్, రౌలెట్ ఊళ్ల మీదుగా ఈఎఫ్-4 టోర్నడో వెళ్లింది. ఈఎఫ్-4 అంటే గంటకు 166 నుంచి 200 మైళ్ల గాలి. 10 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఐ-30, జార్జ్ బుష్ టర్న్‌పైక్ కలిసే చోట కార్లలో ఉన్నవాళ్లే.

చలికాలంలో జెట్ స్ట్రీమ్, అంటే ఆకాశంలో బాగా ఎత్తున వేగంగా వీచే గాలి, దక్షిణానికి దిగి టెక్సస్ మీదుగా బలంగా వీస్తుంది. అంటే నేల దగ్గర గాలికీ పైన గాలికీ వేగంలో, దిక్కులో పెద్ద తేడా ఉంటుంది. గల్ఫ్ వైపు నుంచి తేమ ఎక్కి, దాని వెనకే కోల్డ్ ఫ్రంట్ (తోసుకొచ్చే చల్లగాలి) వస్తే సరంజామా అంతా సిద్ధమైనట్టే. డిసెంబర్‌లో ఓ రోజు ఉన్నట్టుండి ఉక్కపోస్తే, దక్షిణపు గాలి ఈడ్చి కొడుతుంటే, స్వెట్టర్ తీసేసి సంతోషపడే ముందు ఫోర్‌కాస్ట్ చూడండి. పైగా ఆ నెలలో ఐదున్నరకే చీకటి. రాత్రి టోర్నడో కంటికి కనిపించదు, సగం మంది నిద్రలో ఉంటారు. అందుకే పగటి వాటికంటే రాత్రివి ప్రాణాలు ఎక్కువగా తీస్తాయి.

అపోహ: తుఫాన్లు చూసి పెరిగినవాళ్లం, సర్దుకోవడానికి టైముంటుంది.

విశాఖలో 2014 హుద్‌హుద్‌ను చూసినవాళ్లు ఈ మాట అనడంలో వింత లేదు. బంగాళాఖాతంలో వాయుగుండం పడిన దగ్గర్నుంచి తీరం దాటేదాకా రోజుల తరబడి కబురు అందుతూనే ఉంటుంది. టోర్నడోకు ఆ వెసులుబాటు లేదు. వార్నింగ్ వచ్చాక చేతిలో ఉండేది సగటున పది నిమిషాలు, అటూ ఇటూ. కొన్నిసార్లు అదీ ఉండదు.

కాబట్టి ఏ హెచ్చరిక తర్వాత ఏది వస్తుందో గుర్తుంచుకోవాలి. ఓక్లహోమాలోని నార్మన్‌లో ఉన్న స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్ కొన్ని రోజుల ముందు నుంచే 1 నుంచి 5 వరకు ప్రమాద స్థాయి చెబుతుంది. టోర్నడో వాచ్ కూడా వాళ్లదే. వాచ్ అంటే రాబోయే కొన్ని గంటల్లో వచ్చే వీలుంది అని. వార్నింగ్‌ను స్థానిక వాతావరణ కార్యాలయం, మనకైతే ఫోర్ట్ వర్త్ ఆఫీసు, ఇస్తుంది. రాడార్‌లో సుడి కనిపించింది లేదా ఎవరో కళ్లారా చూశారు అని దానర్థం. వాచ్ వచ్చినప్పుడు సర్దుకోవాలి, వార్నింగ్ వచ్చాక దాక్కోవడమే. వాచ్ ఉండగా గరాజ్‌లో, పెరట్లో కూర్చోవద్దు. గరాజ్ డోర్ ఇంటికున్న అతి బలహీనమైన గోడ. అది లోపలికి విరిగితే గాలి చొరబడి పైకప్పును పైకి నెడుతుంది.

అపోహ: సైరన్ మోగలేదు, అంటే ఏమీ లేదు.

అన్నిటికంటే ఎక్కువ వినిపించేది, ఎక్కువ ప్రమాదకరమైనదీ ఇదే. ఆ సైరన్లు ఆరుబయట ఉన్నవాళ్ల కోసం. డబుల్ పేన్ కిటికీలు, హీటర్ చప్పుడు, టీవీ, ఇరవై మంది కబుర్ల మధ్య ఇంట్లోకి వినపడాలన్నది వాటి ఉద్దేశమే కాదు. వాటిని మోగించేది కూడా ఎక్కడికక్కడ ఆ ఊరి సిటీవాళ్లే. కొన్ని ఊళ్లలో పెద్ద వడగళ్లకూ, ఈదురుగాలికీ మోగిస్తారు. ‘ఇక ప్రమాదం లేదు’ అని చెప్పే సైరన్ చాలా ఊళ్లలో లేదు. రెండోసారి మోగితే ముప్పు ఇంకా ఉందనే అర్థం.

ఇంట్లో కనీసం రెండు దారుల్లో హెచ్చరిక అందాలి. ఒకటి ఫోన్: ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లో అన్నిటికంటే కింద గవర్నమెంట్ అలర్ట్స్ ఉంటాయి. చప్పుడు భరించలేక ఎప్పుడో ఆపేసి ఉంటారు, మళ్లీ ఆన్ చేయండి. ఇండియా సిమ్‌తో వచ్చిన అమ్మానాన్నల ఫోన్లు మోగుతాయని నమ్ముకోవద్దు. రెండోది నోవా వెదర్ రేడియో, అంటే ప్రభుత్వ వాతావరణ హెచ్చరికలు వినిపించే రేడియో. కొని డబ్బాలోంచి తీసి ప్లగ్ పెట్టేస్తే చాలదు, మీ కౌంటీ కోడ్ కొట్టాలి: కాలిన్ 048085, డాలస్ 048113, డెంటన్ 048121, టారంట్ 048439. కోడ్ పెట్టకపోతే చుట్టూ ఉన్న కౌంటీలన్నిటికీ అరుస్తుంది, విసుగొచ్చి మూడో రోజుకల్లా ప్లగ్ పీకేస్తారు. కరెంటు పోయినా పనిచేసేలా సెల్స్ వేసి, పడకగదిలో పెట్టండి.

అపోహ: బాత్రూమ్‌లోకి వెళ్తే చాలు.

ఏ బాత్రూమ్ అన్నది చూడాలి. ఇక్కడి ఇళ్లకు బేస్‌మెంట్లు లేవు. మాస్టర్ బాత్రూమ్‌కు సాధారణంగా బయటిగోడ, టబ్ మీద పెద్ద కిటికీ ఉంటాయి, అది పనికిరాదు. కావలసింది కింది అంతస్తులో, కిటికీ లేకుండా, బయటి గాలికీ మీకూ మధ్య వీలైనన్ని గోడలుండే చిన్న గది. చాలా ఇళ్లలో అది మెట్ల కింద క్లోజెట్టే. టేపు పెట్టి కొలవండి. సేఫ్ రూమ్ లెక్కల్లో మనిషికి కనీసం 3 చదరపు అడుగులు; 4 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవున్న క్లోజెట్‌లో 9 మంది పడతారు. ఇరవై మందిని పిలిచి ఉంటే పౌడర్ రూమ్ (కింది అంతస్తులో అతిథుల చిన్న టాయిలెట్), లోపలి హాల్‌వే కూడా లెక్కలోకి రావాలి. ఎవరు ఎక్కడో ముందే అనుకోండి: పిల్లలు, పెద్దవాళ్లు క్లోజెట్‌లోకి, మిగతావాళ్లు హాల్‌వేలో గోడవైపు తిరిగి మోకాళ్ల మీద వంగి.

తల కాపాడుకోవాలి. సైకిల్ హెల్మెట్, పిల్లాడి క్రికెట్ హెల్మెట్, ఏదున్నా పెట్టండి. పైన దుప్పట్లు, దిళ్లు, చిన్న పరుపు. ఇక మన ఇళ్లకు ప్రత్యేకమైన విషయం చెప్పులు. అందరూ గుమ్మం దగ్గర విప్పేసి వట్టి కాళ్లతో ఉంటారు. టోర్నడో వెళ్లాక నేలంతా గాజు, మేకులు. ఆ గుట్టలోంచి ఎవరి జత వాళ్లు వెతుక్కోవడం అప్పుడు కుదరదు. వాచ్ వచ్చిన వెంటనే బూట్లన్నీ ఒక పెద్ద సంచిలో వేసి క్లోజెట్‌లో పెట్టండి. దాని పక్కనే టార్చ్, ఈల, పవర్ బ్యాంక్, పెద్దవాళ్ల బీపీ, షుగర్ మాత్రలు, జిప్ కవర్‌లో పాస్‌పోర్టులు, ఐ-797లు (ఇమిగ్రేషన్ ఆమోద పత్రాలు). లోపలికి వెళ్లేముందు పొయ్యి కట్టేయండి, పూజగదిలో దీపం కొండెక్కించండి. గ్యాస్ పైపు విరిగితే ఆ ఒక్క నిప్పు చాలు.

అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉండే స్టూడెంట్లు కింది ఇంటివాళ్లతో ఈ వారమే మాట్లాడి పెట్టుకోవాలి. లిఫ్ట్ ఎక్కొద్దు. క్లబ్‌హౌస్ అంతా అద్దాలే, అటు పోవద్దు. ఫంక్షన్ హాల్లో ఉంటే పెద్ద కప్పు కింద నిలబడకుండా రెస్ట్‌రూమ్‌ల వైపు నడవండి. మొబైల్ హోమ్‌లో ఉన్నవాళ్లు వార్నింగ్ దాకా ఆగకూడదు, వాచ్‌కే గట్టి బిల్డింగ్‌కు చేరాలి.

అపోహ: కారులో తప్పించుకోవచ్చు, లేదంటే ఓవర్‌పాస్ కింద ఆగొచ్చు.

1991లో కాన్సస్ టర్న్‌పైక్ మీద ఓవర్‌పాస్ కింద దూరి బతికి బయటపడ్డవాళ్ల వీడియో ఒకటి దేశమంతా తిరిగింది. ఈ నమ్మకానికి పుట్టిల్లు అదే. 1999 మే 3న ఓక్లహోమాలో మూడు ఓవర్‌పాస్‌ల కింద దాక్కున్నవాళ్లలో ప్రాణాలు పోయాయి. వంతెన కింద ఇరుకులో గాలి వేగం ఇంకా పెరుగుతుంది, పైకెక్కిన కొద్దీ మరీ ఎక్కువ; ఎగిరొచ్చే రేకులు, కర్రలకు అడ్డం ఏమీ ఉండదు. ఆగిన కార్లతో రోడ్డు మూసుకుపోయి వెనకవాళ్లూ ఇరుక్కుంటారు.

బయటున్నప్పుడు వార్నింగ్ వస్తే మొదటి ఎగ్జిట్ తీసుకుని ఏదైనా గట్టి కట్టడంలోకి వెళ్లండి. అదీ దొరక్కపోతే సీటు బెల్ట్ పెట్టుకునే, తల కిటికీ అంచుకంటే కిందికి వంచి చేతులతో కప్పుకోండి. లేదా రోడ్డుకంటే బాగా పల్లంగా ఉన్న చోట బోర్లా పడుకోండి. 2024 మెమోరియల్ డే వీకెండ్‌లో, మే 25 రాత్రి, ఐ-35 పక్కనున్న వ్యాలీ వ్యూ ప్రాంతంలో 7 మంది చనిపోయారు. లాంగ్ వీకెండ్ ప్రయాణంలో వాచ్ ఉంటే రెండు గంటలు ఆలస్యంగా బయల్దేరితే పోయేదేమీ లేదు.

కిటికీలు తెరిస్తే ఒత్తిడి సమానమై ఇల్లు నిలుస్తుందన్నది ఉత్తమాట. ఇల్లు కూలేది గాలి తాకిడికి, ఎగిరొచ్చే వస్తువులకు. కిటికీ దగ్గరికి వెళ్లారంటే గాజు మీ ముఖానే పడుతుంది. కొండో, చెరువో, ఎత్తైన భవనాలో ఆపుతాయన్నదీ అంతే: 1966లో కాన్సస్‌లోని టోపీకాలో, ఊరివాళ్లు తమను కాపాడుతుందని నమ్మిన గుట్టనే దాటి టోర్నడో వచ్చింది, 2000 మార్చిలో ఫోర్ట్ వర్త్ డౌన్‌టౌన్‌నే కొట్టింది.

అపోహ: గాలి ఆగింది, ఇక బయటికి వెళ్లొచ్చు.

వార్నింగ్ గడువు తీరేదాకా లోపలే ఉండండి. ఒకదాని వెనక ఇంకొకటి వచ్చిన రోజులున్నాయి. బయటికి వచ్చాక తెగిపడ్డ తీగ దేన్నీ, అది తాకిన కంచెను కూడా, ముట్టుకోవద్దు. గ్యాస్ వాసన వస్తే లైటు స్విచ్ వేయకుండా అందరూ బయటికి నడిచి, దూరం నుంచే 911కు చేయండి. జనరేటర్ గరాజ్‌లో వద్దు, తలుపు తెరిచి ఉన్నా వద్దు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా పెట్టాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు చల్లదనం నిలుపుతాయి. ఆ తర్వాత మిగిలిన బిర్యానీ, పెరుగు మొహమాటం లేకుండా పారేయండి.

మొహమాటం గురించి ఇంకొకటి. వాచ్ ఉన్న సాయంత్రం వచ్చినవాళ్లకు మంచినీళ్ల గ్లాసు అందిస్తూనే చెప్పేయండి: ‘వదినా, ఫోన్లు మోగితే అందరం ఆ మెట్ల కిందికి వెళ్దాం, పిల్లల్ని ఇవాళ కిందే ఆడుకోనిద్దాం.’ పండగ పూట భయపెట్టినట్టవుతుందేమో అనుకోకండి. మీ ఇంట్లో ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో చుట్టాలకు తెలియదు.