గ్లాసు కింద కుదురు

బ్రాడీపేట,
గుంటూరు.

చిట్టితల్లికీ చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

సెలవులయ్యాక మా ఇంటి నుంచి మీరు హైదరాబాద్ చేరిన మర్నాడు చిట్టితల్లి ఫోన్లో ఒక మాట అడిగింది. "తాతయ్యా, పాలు గ్లాసులోనే ఉన్నాయి. ఒక్క చుక్క ఒలకలేదు. మరి బల్ల మీద తెల్ల సున్నా ఎలా వచ్చింది?" అని. ఇంతలో అమ్మ పిలిచింది, మాట అక్కడే ఆగిపోయింది. నిజమే, నువ్వు ఒలకబోయలేదమ్మా. నేనూ చూశాను.

ముందు బల్ల సంగతి చెబుతాను. అది టేకు బల్ల, మా నాన్న కూర్చుని పద్దులు రాసుకున్నది. కానీ దాని మీద చెయ్యి వేస్తే మనకు తగిలేది టేకు కాదు, లక్క. మీ ఏటికొప్పాక లక్కపిడతలు అలా నిగనిగలాడతాయే, ఆ లక్కే. మోదుగు, రేగు, కుసుమ చెట్ల కొమ్మలకు చిన్న చిన్న పురుగులు వేలకు వేలు అంటుకుని, చెట్టు రసం పీలుస్తూ, తమ చుట్టూ కట్టుకునే గూడు అది. ఆ లక్కను శుభ్రం చేసి, స్పిరిట్‌లో కరిగించి, దూదిని గుడ్డలో మూటకట్టి, అందులో ముంచి వడ్రంగి మేస్త్రి బల్లంతా రుద్దుతాడు. స్పిరిట్ ఆరిపోతుంది, లక్క నిలుస్తుంది. ఆరాక మళ్ళీ రుద్దుతాడు, మళ్ళీ ఆరబెడతాడు. ఎన్ని పూతలు వేసినా చివరికి మందం మీ నోటుబుక్కులో కాగితం అంత కూడా ఉండదు. బల్లను కాపాడేది ఆ పల్చటి పొరే.

ఇప్పుడు సున్నా దగ్గరకు వద్దాం. దీనికి ఐసు బండి గుర్తు చేసుకోవాలి.

నా చిన్నప్పుడు మా బడి గేటు దగ్గర ఎండాకాలం ఐసు బండి ఆగేది. గోనెపట్టా విప్పితే రంపపు పొట్టులో పెద్ద ఐసు గడ్డ. కడిగితే అద్దంలా ఉండేది, అవతల ఉన్న అతని వేళ్ళు కనబడేవి. చిత్రిక లాంటి బ్లేడు మీద ఆ గడ్డను బరాబరా గీకేవాడు. కింద పడేది మాత్రం సున్నంలా తెల్లగా! అదే ఐసు, అదే నీళ్ళు. గడ్డలో లేని తెలుపు గీకితే ఎక్కడి నుంచి వచ్చింది? గడ్డ అంతా ఒకటే ముక్క కాబట్టి వెలుగు నేరుగా దాటిపోతుంది. గీకిన దాంట్లో పలుకుకీ పలుకుకీ మధ్య గాలి ఉంటుంది. పలుకులోంచి గాలిలోకి, గాలిలోంచి పలుకులోకి పోయేటప్పుడు వెలుగు తిన్నగా పోలేక చెదిరిపోతుంది. ఆ చెదిరిన వెలుగే మనకు తెలుపు. తర్వాత బండి అతను దాని మీద ఎర్ర సిరప్ పోసేవాడు. పోసినంత మేరా తెలుపు పోయి, మళ్ళీ అద్దంలా అయ్యేది. సిరప్ వెళ్ళి ఆ గాలి సందుల్లో నిండిపోయింది కదా, ఇక వెలుగు చెదరదు. నేను ఐదు పైసలు పెట్టి కొనుక్కుని, తినకుండా ఆ ఎరుపు కిందికి దిగడమే చూస్తూ నిలబడితే, సగం చేతి మీదుగా కారిపోయేది.

మన లక్క పొర కూడా ఆ ఐసు గడ్డ లాంటిదే. బామ్మ గ్లాసు కడిగి, అడుగు తుడవకుండానే వేడి పాలు పోసిచ్చింది. స్టీలు గ్లాసు అంచు మీద నిలబడుతుంది కాబట్టి, ఆ అంచు చుట్టూ తడి. పాల వేడికి కింద లక్క మెత్తబడింది. మెత్తబడ్డ పొరలోకి ఆ తడి ఆవిరై దూరింది. కంటికి ఆనని సందులు చేసింది. ఇంకేముంది, అక్కడ మాత్రం గీకిన ఐసు అయింది. అందుకే సున్నా, అందుకే తెలుపు. ఆ తెలుపు పాలది కాదు.

మరి ఆ సందులు నింపే సిరప్? ఆ రాత్రే రెండు చుక్కల కొబ్బరి నూనె మెత్తటి గుడ్డకు అద్ది, సున్నా వెంబడే మెల్లగా రుద్ది, పొద్దునదాకా వదిలేశాను. లేచేసరికి సగం పోయింది. మూడో రోజుకి, ఎక్కడుందో తెలిసిన నాకు తప్ప ఎవరికీ కనబడలేదు.

తెల్ల మచ్చకు నేను కంగారు పడను. అది పై పొరలోనే ఉంటుంది. నల్ల మచ్చ అలా కాదు. నాకు పదేళ్ళప్పుడు, వానలో తడిసిన ఇనుప తాళంకప్పను ఇదే బల్ల మీద పెట్టి మర్చిపోయాను. లక్క అరిగిపోయిన చోట పడింది. పొద్దున తీస్తే కింద కాటుకలాంటి మచ్చ. పూర్వం కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచేవాళ్ళు. కరక్కాయలో వగరు, అన్నభేదిలో ఇనుము, రెండూ కలిస్తే నలుపు. టేకులోనూ ఆ వగరు ఉంది. నేను ఇనుమూ నీళ్ళూ అందించాను, బల్ల తన ఒంట్లోనే సిరా కాచుకుంది. మా నాన్న కొట్టలేదు, తిట్టలేదు. ఆ రోజు నుంచి ఏ వస్తువు బల్ల మీద పెట్టబోయినా ముందు దాని అడుగును అరచేత్తో తడిమి చూసేవాడు. నాకూ ఆ అలవాటు వచ్చింది.

గీతల సంగతి కూడా చెప్పాలి. మన ఊరి దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. ఇసుక, చాకు ఉక్కు కంటే గట్టిది. దుమ్ము పట్టిన బల్లను పొడిగుడ్డతో బరబరా తుడిస్తే ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టే. గుడ్డను కొంచెం తడిపి, గట్టిగా పిండి, ఒత్తకుండా తుడవాలి. ఆ వెంటనే పొడిగుడ్డ. సామాను జరపకూడదు, ఎత్తి పెట్టాలి. ఆవకాయ నూనె పడితే గుడ్డతో అద్దాలి, రుద్దితే ఇంకా పాకుతుంది. శానిటైజర్ సీసా బల్ల మీద పెట్టనే వద్దు. అందులో ఉండేది స్పిరిట్ లాంటిదే, లక్కను కరిగించేస్తుంది.

మా అమ్మ ఏ కుండనూ ఉత్త నేల మీద దించేది కాదు. వరిగడ్డి పేనిన చుట్టకుదురు కింద ఉండాల్సిందే. మీ గ్లాసులకూ అలాంటివే బుల్లివి రెండు, కొబ్బరి పీచు తాడు చుట్టి కుడుతున్నాను. ఒకటి అయిపోయింది. రెండోది ఇంకా మూడు చుట్లుంది.

ఈలోగా మీరో పని చెయ్యండి. రాత్రి లైట్లు ఆర్పి, మీ ఇంట్లో చెక్క బల్ల అంచున టార్చి పడుకోబెట్టి వెయ్యండి. పగలు నున్నగా కనబడిన చోట ఎన్ని గీతలు లేస్తాయో చూడండి. దసరాకి వచ్చినప్పుడు టార్చి తెచ్చుకుంటే మన బల్లా చూద్దాం. ఆ తాళంకప్ప మచ్చ ఇప్పటికీ ఉంది. సెలవులన్నాళ్ళూ చిన్నోడు దాని మీదే కంచం పెట్టుకుని అన్నం తిన్నాడు.

మీ తాతయ్య